ఎడమ గొట్టం

ఎలక్షన్లు అయిపోయి నెలన్నరకి
స్టేషన్‌నుంచి తుపాకి విడిపించుకొని
పలమనేరు గుడియాత్తం రోడ్డులో నా అంగడికి తెచ్చింది
మొగిలమ్మ.
గోనెసంచిలో చుట్టి, పైన మునక్కాయల కట్ట పెట్టి,
బస్సులో ఎవరూ ఏమీ అడక్కుండా.

"కుడిది పేలతాది. ఎడమది టిక్కంటాది, అంతే.
ఆయన పోయినాక లైసెన్సు నా పేరుకి రాయించుకుంటి.
పందులకి లైసెన్సు చూపిస్తే పోతాయా నాయనా?"

విరిచి చూశాను, ఖాళీ.
మళ్లీ చూశాను.
ఖాళీ అన్నది ఒకసారి చూస్తే నమ్మకం,
రెండుసార్లు చూస్తే నిజం.
గుర్రప్పాచారి నేర్పిన మొదటి పాఠం అది.
రెండోది, అంగట్లో బీడీ తాగొద్దని.
ఆయన తాగేవాడు.

గొట్టాలు వెలుగుకి పట్టాను.
కుడిదాంట్లో ఆకాశం గుండ్రంగా ఉంది.
ఎడమదాంట్లో ఆకాశానికి అడ్డం మట్టి,
కందిరీగ కట్టుకున్న ఇల్లు.
వెదురుపుల్లకి గుడ్డ చుట్టి తోస్తే
మట్టితోపాటు ఎండిన పచ్చపురుగొకటి రాలింది.
ఆ మట్టితో ఎడమది పేలుంటే
గొట్టం అరటిపువ్వులా విచ్చుకునేది.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.

కొయ్య విప్పాను.
"నూనె ఏది పూస్తివమ్మా?"
"ఆముదమే. దీపానికీ దానికీ అదే."
ఏళ్లకేళ్లు పేరుకొని జిల్లేడుపాల బంకయింది.
కిరసనాయిలులో నానబెట్టి, టీ తాగొచ్చి,
పాత పళ్ల బ్రష్షుతో తోమాను.
స్ప్రింగుకి జీవముంది, వేలు పెడితే కొరికింది.
సుత్తి నిండుగా పడుతోంది.
అయినా ఖాళీ తూటా టోపీ మీద గుర్తు
దోమ కుట్టినంత.
కుడిపక్కది ఆవగింజ పట్టేంత గుంట.

ఇక మిగిలింది పిన్ను.
స్క్రూ రానంది. బతిమాలాను. వచ్చింది.

అరిగిందనుకున్నాను.
అరుగుదలకి దిక్కుండదు,
చెప్పు మడమ పోయినట్టు మెత్తగా పోతుంది.
భూతద్దం కింద గీతలున్నాయి,
సన్న ఆకురాయి గీతలు,
అన్నీ ఒకే వాలు, కుడినుంచి ఎడమకి దిగుతూ.
అలా తోసేవాణ్ణి
నా బతుకులో ఒక్కణ్ణే చూశాను.
ఎడంచేతి వాటం.
పదకొండేళ్లు ఆయన ఎదురుగా కూచొని
ఇనుపరజను ఊడ్చాను.

చెడిపోలేదు తుపాకి.
చెడగొట్టారు, శ్రద్ధగా.
చెడగొట్టేటప్పుడు కూడా
అంచు వంకర పోనివ్వలేదు ముసలాయన.

"మీ ఆయన ఎప్పుడైనా దీన్ని ఈడికి తెచ్చినాడా?"

మునక్కాయల కట్ట విప్పి
మళ్లీ కట్టింది.
"సెనక్కాయ చేను కావిలి కాడ, ఒక రాత్రి
పంది అనుకొని కాల్చినాడు.
కుడిది పేలినాక రెండోది నొక్కబోయినాడంట.
అప్పుడు దగ్గింది."

ఎవరని నేనడగలేదు.
బతికినారా అనీ అడగలేదు.

"తెల్లార్తో బస్సెక్కినాడు తుపాకి ఎత్తుకొని.
ఏడికని చెప్పలేదు.
ఆమీట రెండోదాంట్లో తూటా పెట్టిందే లేదు,
దండగ అనేవాడు."

పిన్ను అరచేతిలో పెట్టి చూపించాను.
చిన్నది, జీలకర్ర కంటే కొంచెం పెద్దది.
చాలాసేపు చూసింది.
బయట ఆర్టీసీ బస్సు గేరు మార్చుకొని ఎత్తెక్కింది.

"ఇట్లే ఉంచమంటే ఉంచుతా."

"వద్దు. కొత్తది వెయ్యి.
నాకు చెవులు బాగా ఇనపడతాయి."

లేతుమీద గంట పని.
ఆకురాయి నా చేతిలో ఎడమనుంచి కుడికి నడిచింది.
టోపీ మీద ఆవగింజ గుంట, రెండు పక్కలా.
పాత పిన్ను అడిగి తీసుకొని కొంగున ముడేసుకుంది.
ఆరువందలు లెక్కపెట్టి ఇచ్చింది,
పైన నాలుగు మునక్కాయలు.

ఆ రాత్రి అటక మీది బిల్లు పుస్తకాలన్నీ దించాను.
పంపుసెట్లు ఉన్నాయి, తాళాలు ఉన్నాయి,
చెరుకు గానుగ పళ్లచక్రం కూడా ఉంది.
ఇది లేదు.
కూలి తీసుకోని పనులు
గుర్రప్పాచారి రాసేవాడు కాదు.